నాలుక మీద గడ్డ: పైపై ముక్క సరిపోదు

హోస్ట్: మేడమ్, నాలుక మీద చిన్న గడ్డ తగిలితే చాలు, క్యాన్సరేమోనని టెన్షన్ మొదలవుతుంది కదా?

డాక్టర్: నోట్లో వచ్చే గడ్డల్లో చాలావరకు రాపిడి వల్లో, పళ్ల మధ్య పడి నలగడం వల్లో వచ్చే ఫైబ్రోమాలేనండీ, అంటే హాని లేని పీచు కణజాలపు గడ్డలు. వాటితో మాకు పేచీ లేదు. అరుదైనవాటితోనే తంటా. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ ఉంది చూడండి, 1926లో అబ్రికోసాఫ్ అనే రష్యన్ పాథాలజిస్ట్, అంటే మాలాగే కణజాలాన్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టర్, వివరించారు. నోట్లో ఎక్కువగా నాలుక మీదే వస్తుంది. సాధారణంగా హాని చేయదు, నొప్పి ఉండదు, మెల్లగా పెరుగుతుంది.

హోస్ట్: హాని లేనిదైతే తంటా ఏముంది?

డాక్టర్: మైక్రోస్కోపు కింద, స్లైడ్ మీద అది వేసే వేషం! అసలు కణాలు పైపొర కింద దాగి ఉంటాయి. కొన్నిసార్లు ఆ పైపొర దళసరెక్కి లోపలికి చొచ్చుకుపోతుంది. పైపైన చిన్న ముక్క గిల్లి ల్యాబ్‌కి పంపితే మాకు కనిపించేది ఆ పొరే. చూస్తే అచ్చం స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే పైపొర కణాల్లో వచ్చే క్యాన్సర్! అలా పొరబడి పెద్ద ఆపరేషన్లు చేసిన సందర్భాలూ ఉన్నాయి.

హోస్ట్: అమ్మో! మరి ఎలా తేలుస్తారు?

డాక్టర్: కింది కణజాలం కూడా వచ్చేలా లోతుగా ముక్క తీయాలి. అప్పుడు లోపల రవ్వరవ్వగా గులాబీ రంగు కణాలు కనిపిస్తాయి. అవి నరాలను చుట్టి ఉండే ష్వాన్ కణాల జాతివి కాబట్టి, ఎస్-100 అనే ప్రోటీన్ ఉందో లేదో రంగు వేసి చూసే పరీక్షలో పాజిటివ్ వస్తాయి.

హోస్ట్: ఆ పరీక్షతో తేలిపోయినట్టేనా?

డాక్టర్: అదొక్కటే చాలదు. ష్వాన్ కణాల నుంచే వచ్చే మరో గడ్డ ష్వానోమా కూడా పాజిటివే, కాకపోతే అందులో కణాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. పుట్టిన బిడ్డ పళ్ల చిగురు మీద వచ్చే ఎపులిస్ అనే గడ్డ కూడా ఇలా రవ్వరవ్వగానే ఉంటుంది గానీ ఎస్-100 నెగటివ్. అందుకే వయసు, గడ్డ ఉన్న చోటు రాయకుండా ముక్క ఉన్న సీసా మాత్రమే పంపితే నాకు ఒళ్లు మండుతుంది.

హోస్ట్: (నవ్వు) ప్రతి గడ్డకీ ఇలా ముక్క తీసే బయాప్సీ చేసేస్తారా?

డాక్టర్: నీలంగా ఉండి, నొక్కితే పాలిపోతే చేయరు. అది రక్తనాళాల గడ్డ కావచ్చు. కోస్తే రక్తం ఆపడం కష్టం. ముందు స్కాన్ చేయాలి.

హోస్ట్: వినేవాళ్లు ఎప్పుడు చూపించుకోవాలి?

డాక్టర్: గడ్డయినా పుండయినా రెండు వారాలు దాటినా తగ్గకపోతే. రిపోర్టులో 'ముక్క సరిపోలేదు' అని వస్తే అది క్యాన్సర్ అని కాదు, కాదనీ కాదు. మళ్లీ లోతుగా తీయమని అడగండి.