ఫోన్-ఇన్: టమాటా ఆకు మీద మచ్చలు – ముందు ఆకు తిరగేసి చూడండి

యాంకర్: నమస్కారం. టమాటాలో ఆకుమచ్చ తెగుళ్ల మీద ఈ రోజు ఫోన్-ఇన్. మొక్కల తెగుళ్ల నిపుణులు స్టూడియోలో ఉన్నారు. ఫోన్ చేసేవాళ్లు మచ్చలున్న ఆకు ఒకటి కోసి చేతిలో పెట్టుకుని మాట్లాడితే మంచిది. మొదటి కాలర్, చెప్పండి.

రైతు: నమస్తే సార్. టమాటా నాటి 50 రోజులైంది. కింది ఆకులన్నీ మచ్చలు పడి పండుబారి రాలిపోతున్నాయి. మాంకోజెబ్ అనే బూజు మందు రెండుసార్లు కొట్టాం. ఆగట్లేదు, పైకి ఎక్కుతోంది.

నిపుణుడు: మచ్చ ఎంత ఉందండి? గుండుసూది తలంతా, వేలి గోరంతా?

రైతు: గోరంత ఉంది సార్. కొన్ని ఇంకా పెద్దవి.

నిపుణుడు: మచ్చ లోపల ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగా వలయాలు కనిపిస్తున్నాయా? మచ్చ చుట్టూ ఆకు పసుపుగా ఉందా?

రైతు: ఆ, రెండూ ఉన్నాయి సార్.

నిపుణుడు: అయితే అది ఆల్టర్నేరియా అనే బూజు వల్ల వచ్చే తెగులు. ఎర్లీ బ్లైట్ అంటాం. కాండం మీద కూడా చూడండి, నల్లగా కోలగా, కొంచెం గుంట పడ్డ మచ్చలుంటాయి. కాయకైతే తొడిమ దగ్గర మొదలవుతుంది. అక్కడ నల్లగా తోలులా గట్టిపడి, దాని మీద కూడా వలయాలు కనిపిస్తాయి. కాయల మీద ఏమైనా ఉందా?

రైతు: కాయలింకా బాగానే ఉన్నాయి సార్.

నిపుణుడు: మంచి సమయంలోనే ఫోన్ చేశారు. ఇప్పుడు మందు సంగతి చూద్దాం. ఎకరానికి ఎన్ని ట్యాంకులు కొట్టారు?

రైతు: 16 లీటర్ల ట్యాంకు సార్, ఎనిమిది పట్టాయి.

నిపుణుడు: అంటే 128 లీటర్లు. కర్రలు కట్టి ఇంత పెరిగిన పైరుకు అది చాలదు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, అంటే 12 నుంచి 13 ట్యాంకులు పట్టాలి. తక్కువ నీళ్లతో గబగబా నడుచుకుంటూ పోతే మందు పై ఆకుల మీదే పడుతుంది. తెగులు కింద, ఆకు అడుగున కూర్చుని ఉంటుంది. లాన్స్, అంటే మందు కొట్టే గొట్టం కిందికి దించి, నాజిల్ పైకి తిప్పి, అడుగు నుంచి పైకి తడుపుకుంటూ రావాలి. నాజిల్ కూడా సన్నటి తుంపర ఇచ్చే హాలో కోన్ రకం అయితే బాగుంటుంది. అరిగిపోయిన నాజిల్ పెద్ద పెద్ద చుక్కలు వేస్తుంది, అవి ఆకు మీద నిలవకుండా జారిపోతాయి.

రైతు: మందు మంచిదే కదా సార్?

నిపుణుడు: మంచిదే, కానీ అది చేయగలిగే పనొకటుంది, చేయలేనిదొకటుంది. మాంకోజెబ్ ఆకు పైనే పొరలా ఉంటుంది. బూజు బీజం వచ్చి వాలితే మొలకెత్తనివ్వదు. అప్పటికే ఆకు లోపలికి వెళ్లిన బూజును ఏమీ చేయలేదు. కొట్టిన తర్వాత పుట్టిన ఆకు మీద అసలు మందే ఉండదు. గట్టి వాన పడితే చాలావరకు కడిగేసుకుపోతుంది. అందుకే మచ్చలు రాకముందు, లేదా ఒకటీ అరా కనిపించగానే వాడే మందు అది. మీ చేలో ఇప్పటికే పైకి ఎక్కుతోంది కాబట్టి ఈసారి ఆకులోకి చొచ్చుకుపోయే మందు వేయండి. అజాక్సిస్ట్రోబిన్ 18.2 శాతం, డైఫెన్‌కొనజోల్ 11.4 శాతం కలిసి ఉన్న ద్రావణం లీటరుకు 1 మిల్లీలీటరు. ట్యాంకుకు 16, ఎకరానికి 200 మిల్లీలీటర్లు. ఏడెనిమిది రోజుల తర్వాత మళ్లీ మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, లేదంటే క్లోరోథలోనిల్ 2 గ్రాములు.

రైతు: మొదటి మందు బాగా పనిచేస్తే దాన్నే మళ్లీ కొట్టొచ్చా?

నిపుణుడు: వద్దు. అజాక్సిస్ట్రోబిన్ లాంటివి బూజును ఒక్కచోటే దెబ్బతీస్తాయి. ఆ ఒక్కచోట బూజు మారిపోయిందంటే మందు పనిచేయదు. వరసగా అదే వాడితే, తట్టుకున్న రకమే చేలో మిగిలి పెరుగుతుంది. పేరు వేరైనా లోపలి మందు అదే గుంపుదైతే మార్చినట్టు కాదు. పైరాక్లోస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సిస్ట్రోబిన్ కూడా అదే గుంపు. డబ్బా మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉండే రసాయనం పేరు చదవండి. ఇంకొకటి, పాత మచ్చలు ఏ మందుతోనూ పోవు. అవి పోలేదని మందు పనిచేయలేదనుకోకండి. పైనున్న నాలుగైదు ఆకులకు రిబ్బన్ ముక్కో దారమో కట్టి, వారం తర్వాత వాటి మీద కొత్త మచ్చ వచ్చిందో లేదో చూడండి.

యాంకర్: పైరుకు ఎరువుల విషయంలో ఏమైనా జాగ్రత్త ఉందా సార్?

నిపుణుడు: ఉంది. కాయ బరువు ఎక్కువై తిండి చాలకపోతే కింది ఆకులు త్వరగా ముదిరిపోతాయి. ముదిరిన ఆకంటే ఆల్టర్నేరియాకు ఇష్టం. కాపు మొదలైంది కదా అని నత్రజని, పొటాష్ ఒక్కసారిగా ఆపేయకూడదు, కొద్దికొద్దిగా డ్రిప్పులో ఇస్తుండాలి. అలాగని యూరియా గుప్పిస్తే ఆకు గుబురెక్కి లోపల తడి ఆరదు, అది మరో తంటా. తర్వాతి కాలర్‌ను తీసుకుందాం.

మహిళా రైతు: నమస్కారమండి. మా తోటలో మచ్చలు చాలా చిన్నవండి, కానీ ఒక్కో ఆకు మీద వందలున్నాయి. ఇది బ్యాక్టీరియా అని స్ట్రెప్టోమైసిన్ కొట్టమన్నారు. కొట్టాం, తగ్గలేదు.

నిపుణుడు: ఆకు చేతిలో ఉందామ్మా?

మహిళా రైతు: ఉందండి.

నిపుణుడు: వెలుతురుకు పెట్టి చూడండి. మచ్చ మధ్యలో ఏ రంగు?

మహిళా రైతు: మధ్యలో బూడిద రంగండి. అంచు ముదురు గోధుమ రంగు.

నిపుణుడు: భూతద్దం ఉంటే దాంతో, లేకపోతే ఫోన్ కెమెరాలో బాగా దగ్గరికి తెచ్చి ఆ బూడిద రంగు భాగాన్ని చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలున్నాయా?

మహిళా రైతు: (కొద్దిసేపు ఆగి) ఉన్నాయండి. చాలా సన్నగా ఉన్నాయి. ఒక మచ్చలో మూడు, ఒకదాంట్లో ఐదారు.

నిపుణుడు: అది సెప్టోరియా, ఇది కూడా బూజు తెగులే. ఆ నల్ల చుక్కలు బీజాల సంచులు, తడి తగిలితే వాటిలోంచి బీజాలు బయటికొస్తాయి. బ్యాక్టీరియా మచ్చలో ఈ చుక్కలుండవు. అది తడిసిన జిడ్డు మరకలా మొదలై నల్లబడుతుంది, పచ్చికాయల మీద కూడా గరుకుగా పొక్కుల్లా వస్తుంది. సెప్టోరియా కాయ జోలికి దాదాపుగా పోదు. మీ కాయలు నునుపుగానే ఉన్నాయా?

మహిళా రైతు: కాయలకేం లేదండి.

నిపుణుడు: అయితే ఇక సందేహం లేదు. స్ట్రెప్టోమైసిన్ బ్యాక్టీరియా మందు, బూజుకు అది పనిచేయదు. మందు మార్చే ముందు ఒక సంగతి చెప్పండమ్మా, నీళ్లు ఎలా పెడుతున్నారు?

మహిళా రైతు: స్ప్రింక్లర్లండి. సాయంత్రం పూట.

నిపుణుడు: అసలు చిక్కు అక్కడే ఉంది. సెప్టోరియా బీజాలు ఆల్టర్నేరియా బీజాల్లా గాలికి దూరం పోవు. నీటి చినుకు పడి చిందితే ఆ చుక్కతో పక్క ఆకుకు, కింది ఆకు నుంచి పై ఆకుకు చేరతాయి. సాయంత్రం తడిపిన ఆకు తెల్లారేదాకా ఆరదు. 20 నుంచి 25 డిగ్రీల వేడి, దాంతోపాటు ఆకు తడి ఉంటే ఈ తెగులుకు ఇంకేం కావాలి? డ్రిప్పుకు మారండి. అది ఈ సీజన్లో కుదరకపోతే స్ప్రింక్లర్ పొద్దున్నే పెట్టి, ఎండ ఎక్కేసరికి ఆకు ఆరిపోయేలా చూడండి. మొక్కల మొదట్లో ఎండుగడ్డి గానీ మల్చింగ్ షీటు గానీ పరిస్తే మట్టి నుంచి చినుకు చిందడం ఆగుతుంది.

మహిళా రైతు: కింది ఆకులు తీసేయొచ్చా?

నిపుణుడు: తీసేయాలి. ఆకు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే తీయండి. తడి మీద చేను తిరిగితే మీ చేతులు, చీర కొంగు, కత్తెర ఇవే తెగులును సాలు పొడవునా మోసుకెళ్తాయి. నేల నుంచి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఆకులు తీసేయండి. మొక్క మొత్తం ఆకులో మూడో వంతుకు మించి ఒకేసారి తీయొద్దు, కాయలకు ఎండదెబ్బ తగులుతుంది. తీసిన ఆకులు గట్టు మీద పడేయకుండా సంచిలో వేసి చేను బయటికి తీసుకెళ్లి కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయండి. బాగున్న సాళ్లు ముందు, తెగులున్న సాళ్లు చివర. గట్ల మీద కామంచి, ఉమ్మెత్త ఉంటే పీకేయండి, సెప్టోరియా వాటి మీద కూడా బతుకుతుంది. ఆకు తీసిన రోజే క్లోరోథలోనిల్ లీటరుకు 2 గ్రాములు, జిగురు మందు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వాన వాతావరణముంటే ఏడు రోజులకోసారి, పొడిగా ఉంటే పది రోజులకు చాలు.

యాంకర్: మరో కాలర్. పాలీహౌస్ నుంచి అంటున్నారు.

రైతు: సార్, మాకు ఆకు పైన లేత పసుపు మచ్చలు, అంచు సరిగ్గా తెలియట్లేదు. అడుగున ఆకుపచ్చ గోధుమ కలిసిన రంగులో బూజు, వెల్వెట్ గుడ్డలా ఉంది.

నిపుణుడు: లీఫ్ మోల్డ్. గాలి ఆడని చోట వచ్చే తెగులు. లోపల గాలి తేమ 85 శాతం దాటి నిలిచిపోతే వస్తుంది. ముందు పక్క తెరలు ఎత్తండి, మొక్కల మధ్య ఆకు పలచన చేయండి, సాయంత్రం నీళ్లు ఆపేయండి. తేమ మీటరు ఒకటి మొక్కల ఎత్తులో వేలాడదీయండి, గుమ్మం దగ్గర కాదు. గాలి సరి చేయకుండా మందులు మారుస్తూ పోతే డబ్బు దండగ. తర్వాతి పంటకు దీన్ని తట్టుకునే రకం అడగండి, అలాంటివి ఉన్నాయి.

యాంకర్: తర్వాతి ఫోన్.

రైతు: మాది కాస్త గాభరాగా ఉంది సార్. మొన్న బాగానే ఉంది. రెండు రాత్రులు మంచు, ముసురు. ఇవాళ చేను కాలిపోయినట్టుంది. మచ్చలు పెద్దవి, ఉడకబెట్టినట్టు.

నిపుణుడు: తెల్లవారుజామున ఆకు అడుగున మచ్చ అంచుల్లో తెల్లటి బూజు కనిపించిందా?

రైతు: కనిపించింది సార్. ఎండెక్కాక పోయింది.

నిపుణుడు: ఇది ఆకుమచ్చ కాదు, లేట్ బ్లైట్. చల్లదనం, తడి కలిస్తే రోజుల్లోనే చేను తినేస్తుంది. ఇది అసలు సిసలు బూజుల కుటుంబానిది కాదు. అందుకే డైఫెన్‌కొనజోల్, టెబుకొనజోల్ లాంటి మందులు ఒంటరిగా దీని మీద పనిచేయవు. సైమాక్సనిల్ 8 శాతం, మాంకోజెబ్ 64 శాతం కలిసిన పొడి లీటరుకు 3 గ్రాములు, వాన తెరిపివ్వగానే ఇవాళే కొట్టండి. రేపటికి వాయిదా వేయొద్దు. కాండం నల్లబడి వాలిన మొక్కలు పీకి సంచిలో కట్టేయండి. పక్కన బంగాళాదుంప ఉంటే అక్కడా చూసుకోండి, రెంటికీ ఇదే తెగులు.

యాంకర్: ఇంకో కాలర్ లైన్‌లో ఉన్నారు.

రైతు: సార్, మేం కాపర్ ఆక్సీక్లోరైడ్, మాంకోజెబ్, పురుగు మందు, 19:19:19 ఎరువు అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టాం. రెండో రోజుకే మచ్చలు ఎక్కువయ్యాయి.

నిపుణుడు: ఆ మచ్చలు ఆకు చివర్లలో, మందు చుక్క ఆగి ఎండిన చోట్ల ఉన్నాయా?

రైతు: ఎక్కువ చివర్లలోనే సార్. లేత ఆకులక్కూడా వచ్చాయి.

నిపుణుడు: అది తెగులు కాదు, మందు కాల్చిన మచ్చ. ఆకుమచ్చ తెగులు కింది ముదురు ఆకుతో మొదలై మెల్లగా ఎక్కుతుంది. మందు మచ్చ చేనంతా ఒకే రోజు, పైనా కిందా ఒకేసారి వస్తుంది, తర్వాత పెరగదు. నీళ్లు పులుపు గుణం మీదుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లోని రాగి ఎక్కువగా కరిగి ఆకును కాలుస్తుంది. కలపక తప్పదంటే ముందు ఒక గాజు సీసాలో అదే పాళ్లలో కలిపి అరగంట ఉంచండి. అడుగున ముద్దగా పేరుకున్నా, విరిగినట్టయినా, సీసా వేడెక్కినా ట్యాంకులో కలపొద్దు. నన్నడిగితే పోషకాలు ఒక రోజు, బూజు మందు మరో రోజు. ఇప్పుడు మరో మందు కొట్టకుండా వారం ఆగండి, కొత్త ఆకు బాగా వస్తుంది.

యాంకర్: కోతల్లో ఉన్నవాళ్లు రెండు మూడు రోజులకోసారి కాయ కోస్తారు కదా సార్, మందు ఎప్పుడు కొట్టాలి?

నిపుణుడు: కోసిన రోజు సాయంత్రం కొట్టండి. మళ్లీ కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, మందును బట్టి మారుతుంది. అన్ని రోజులు ఆగలేనంటే ఆ మందు కోతలప్పుడు వాడకూడదు, తక్కువ గడువున్నది ఎంచుకోవాలి. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు పొడి కలిపేటప్పుడే ఎక్కువ అవసరం. చాలామంది కొట్టేటప్పుడు కట్టుకుని కలిపేటప్పుడు విప్పేస్తారు.

యాంకర్: ఆఖరి కాలర్.

రైతు: సార్, పంట అయిపోయింది. వచ్చేసారి మళ్లీ అదే మడిలో వేయొచ్చా?

నిపుణుడు: వేయొద్దు. ఎర్లీ బ్లైట్, సెప్టోరియా రెండూ ఎండిన ఆకు, కాండం ముక్కల్లో బతికే ఉంటాయి. ఆ చెత్త పూర్తిగా మురిగేదాకా ప్రమాదమే. రెండు మూడేళ్లు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప లేకుండా మొక్కజొన్న గానీ జొన్న గానీ పప్పుజాతి గానీ వేయండి. మొక్కలు పీకి బయటికి తీయండి, మిగిలింది లోతుగా దున్నండి. పాత కర్రలు మళ్లీ వాడతారా?

రైతు: వాడతాం సార్.

నిపుణుడు: కర్రల మట్టి కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో పది నిమిషాలు ముంచి ఆరబెట్టండి. విత్తనం సొంతంగా తీసినదైతే కిలోకు 3 గ్రాముల థైరామ్ అనే బూజు మందు పట్టించండి. ప్యాకెట్ విత్తనం రంగు పూసి ఉంటే దానికి మందు పట్టించే ఉంటుంది, మళ్లీ అక్కర్లేదు. నారుమడిలో మొక్క మొదలు దగ్గర నల్లటి నొక్కు పడ్డవి కనిపిస్తే అవి నాటకండి. అది కూడా ఆల్టర్నేరియానే. నాటేటప్పుడు సాళ్లు గాలి వీచే వైపుకు పెట్టుకోండి, మొక్కకూ మొక్కకూ 45 సెంటీమీటర్లు తగ్గనీయకండి.

రైతు: సాలుకూ సాలుకూ?

నిపుణుడు: కర్రలు కట్టే రకమైతే 90 సెంటీమీటర్లు ఉంచండి. లాన్స్ పట్టుకుని మనిషి ఆకులు విరగ్గొట్టకుండా తిరగగలగాలి.