కిడ్నీ ఇచ్చినామెను ఎవరడుగుతున్నరు?

హోస్ట్: నమస్తే, హన్మకొండ నుంచి మాట్లాడుతున్నం. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా చేసిన అక్క ఇయ్యాల మనతోని ఉన్నది. అక్కా, కిడ్నీ మార్చినంక పేషెంట్ ఎట్లుండాలని అందరు అడుగుతరు. ఇచ్చినోళ్ళ సంగతేంది?

అక్క: ఎవరడుగుతరు తమ్మీ! కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండ కొడుకు వేసుకునే టాక్రోలిమస్ గోళీ పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి అని ఇంటిల్లిపాదికి ఎరుకే. కిడ్నీ ఇచ్చిన తల్లి బీపీ ఎంతంటే ఒక్కరు చెప్పరు. మన దేశంల బతికుండి ఇచ్చేటోళ్ళల్ల ఎక్కువమంది ఆడోళ్ళే.

హోస్ట్: ఒక్క కిడ్నీతోని పొలం పనులు చేసుకోవచ్చా?

అక్క: మంచిగ. మిగిలిన కిడ్నీ కొంత పెరిగి, పోయినదాని పని కూడా చాలామటుకు అదే చేస్తది. మొదట్ల కొన్ని వారాలు బరువులెత్తద్దు, అంతే. అసలు చిక్కు తర్వాత. పత్తి ఏరి ఏరి నడుం పట్టేసిందనుకో, ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటది.

హోస్ట్: డైక్లోఫెనాక్.

అక్క: గదే! ఆ నొప్పుల సూది కిడ్నీని దెబ్బతీస్తది. ఆయనకు ఈమె కిడ్నీ ఇచ్చిన సంగతి తెల్వది, ఈమె చెప్పది. లాప్రోస్కోపీ గాట్లేమో చిన్నయి, చీర కింద కనవడయ్. అందుకే ఆధార్ కార్డుతోనే ఓ చీటీ పెట్టుకోమంట: "ఒక్కటే కిడ్నీ, అడగకుండ నొప్పుల సూది వెయ్యద్దు". ఏడాదికోపారి బీపీ, కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్రంల ప్రోటీన్ చూయించుకోవాలె. దానికోసం హైదరాబాద్ దాక ఎందుకు, వరంగల్‌లనే అయితయ్.

హోస్ట్: ఇంటోళ్ళందరు మీదవడ్డప్పుడు ఇయ్యనని అనొచ్చా?

అక్క: ఆపరేషన్ థియేటర్‌కు తీస్కపోయేదాక అనొచ్చు. నేనైతే అత్తను, మొగుణ్ణి బయటికి పంపి తలుపేసేదాన్ని. ఒకామె చానాసేపు పత్తి ధర, పిల్ల ఫీజులే మాట్లాడింది. లేవబోతూ అన్నది, "భయమైతాంది గని ఇస్త". ఇంకొకామె కండ్లల్ల నీళ్ళు తీసుకొని వద్దన్నది. డాక్టర్ బయటికొచ్చి "ఆమె కిడ్నీ పనికిరాదు" అని ఒక్క ముక్కల తేల్చిండు. అంతకంటే విప్పి చెప్తే ఆమె ఇంటికెట్ల పోతది?

హోస్ట్: మరి ఆ పేషెంట్?

అక్క: జీవన్‌దాన్‌ల పేరు రాయించినం. బ్రెయిన్ డెడ్ అయినోళ్ళ ఇంటోళ్ళు ఒప్పుకుంటే వచ్చే అవయవాలు, నిమ్స్ నుంచి నడుస్తది. ఎప్పుడు పిలుపొస్తదో చెప్పలేం, డయాలసిస్ చేస్కుంట చూడాలె. బ్లడ్ గ్రూపు కలవకపోతే రెండు కుటుంబాలు మార్చుకునే తొవ్వ గూడ ఉంది. తాత, అమ్మమ్మ, మనుమలు కూడ ఇయ్యొచ్చని కేంద్రం 2011ల అవయవ మార్పిడి చట్టం సవరించింది. మన అసెంబ్లీ దాన్ని ఒప్పుకుంట తీర్మానం చేసింది 2025ల. ఇన్నేండ్లెందుకు పట్టిందో వాళ్ళనే అడగాలె.

హోస్ట్: పరకాల నుంచి ఓ అన్న అడిగిండు. కొత్తగ కిడ్నీ మార్చిండ్రట, ఇచ్చింది భార్య. మేడారం జాతరకు పోవచ్చా అని.

అక్క: ఆయన మొదట్ల అంత జనంల పడద్దు. ఇన్ఫెక్షన్ అంటుకుంటే మళ్ళ దవాఖానే. ఆమె కోలుకున్నదంటే పోవచ్చు. బంగారం ఆమెతోని పంపమను, ఆ రెండ్రోజులు పిల్లలకు వండిపెట్టుడు ఆయన పని.