చెన్నై దగ్గర కోవళంలో సర్ఫింగ్: డబ్బులు పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఇది కేరళ కోవళం కాదండి. అక్కడా సర్ఫింగ్ నేర్పుతారు, ఇక్కడా నేర్పుతారు, కాబట్టి రూమ్ బుక్ చేసే ముందు మ్యాప్ ఒకసారి చూసుకోండి. నేను చెప్పేది చెన్నై నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద మహాబలిపురం వెళ్లే దారిలో, దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోవళం గురించి. నెల్లూరు, తిరుపతి వాళ్లయితే వీకెండ్‌లో వెళ్లి వచ్చేయొచ్చు.

ఇది జాలర్ల ఊరు. మూర్తి మేగవన్ అని ఇక్కడి మత్స్యకారుడే ముందు తను నేర్చుకుని, తర్వాత ఊరి పిల్లలకు నేర్పాడు. చెన్నై వ్యాపారవేత్త అరుణ్ వాసుతో కలిసి 2012లో కోవ్‌లాంగ్ పాయింట్ అనే సర్ఫింగ్ స్కూల్ మొదలుపెట్టాడు (కోవ్‌లాంగ్ అంటే కోవళమే). ఇప్పుడు చుట్టుపక్కల ఇంకా స్కూళ్లున్నాయి. నేర్పేవాళ్లలో ఇక్కడి కుర్రాళ్లు చాలామంది సముద్రం మీద పెరిగినవాళ్లే. మనకి అన్ని అలలూ ఒకేలా కనిపిస్తాయి, వాళ్లు మాత్రం "ఇది వద్దు, వెనకది తీసుకో" అంటారు. నాకు ఇక్కడ బాగా నచ్చింది అదే.

క్లాస్ ఇసుకలో మొదలవుతుంది. బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులు ఛాతీ పక్కన పెట్టి ఒక్క ఊపులో లేవాలి, దాన్నే పాప్ అప్ అంటారు. చాలామంది ముందు మోకాళ్ల మీద లేస్తారు, ఆ అలవాటు మొదట్లోనే మానకపోతే తర్వాత చాలా కష్టం. ఆ తర్వాత నడుం లోతు నీళ్లలో, అల విరిగాక వచ్చే తెల్ల నురగలో వాళ్లే బోర్డుని తోస్తారు. చూపు కాళ్ల మీద కాదు, ఒడ్డు మీద ఉండాలి. చిన్న బోర్డు స్టైల్‌గా ఉందని అడక్కండి, కొత్తవాళ్లని నిలబెట్టేది ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డే.

పొద్దున్నే మొదటి బ్యాచ్ తీసుకోండి. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, అల నున్నగా వస్తుంది. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలై నీళ్లన్నీ గజిబిజి అయిపోతాయి.

ఇక నచ్చనిది. ఆదివారం ఒక చోట, పేరు చెప్పను, ఒక్క ట్రైనర్‌కి అంతమందిని అప్పగించారంటే, క్లాస్ సగం నీళ్లలో నిలబడి మన వంతు కోసం చూడటమే, రేషన్ షాపు క్యూ గుర్తొచ్చింది! అందుకే డబ్బు కట్టే ముందు అడగండి: ఒక ట్రైనర్‌కి ఎంతమంది, నీళ్లలో ఎంతసేపు, బోర్డూ లైక్రా చొక్కా ఫీజులోనే ఉన్నాయా అని. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి.

రూమ్, భోజనం, క్లాసులు కలిపి ప్యాకేజీలు అమ్ముతారు. రోజుకి రెండు క్లాసులు ఉన్న ప్యాకేజీ నా మట్టుకు దండగే, ఎందుకంటే పొద్దున క్లాస్ అయ్యేసరికి భుజాలు పనిచేయవు. ఒక పూట నేర్చుకుని, వంజరం వేపుడు తిని పడుకుని, సాయంత్రం ఓపిక ఉంటే ముట్టుకాడు బ్యాక్‌వాటర్స్‌లో నిలబడి తెడ్డు వేసే బోర్డు ఎక్కండి, హాయిగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలంటే, మే నుంచి సెప్టెంబర్ దాకా అలలు బలంగా ఉంటాయి. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్ మహాబలిపురంలోనే జరిగింది, మన దేశ సర్ఫర్ రమేష్ బుదిహాల్ కాంస్యం కొట్టాడు. పూర్తిగా కొత్తవాళ్లకి జనవరి, ఫిబ్రవరిలో వచ్చే చిన్న అలలే మేలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ ఈశాన్య రుతుపవనాల టైమ్, టికెట్లు ముందే కొనేయకండి.

ఈత రాకపోయినా ఒడ్డు దగ్గర నేర్పుతామంటారు కొందరు. నేనైతే ఈత నేర్చుకునే రమ్మంటా. నీళ్లు లోపలికి లాగుతుంటే ఎదురు ఈదకండి, అలసిపోతారు. బోర్డు వదలకుండా పట్టుకుని చెయ్యి పైకెత్తండి, ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగండి. బోర్డుని చీలమండకి కట్టి ఉంచే తాడు, అంటే లీష్, మాత్రం ఒడ్డెక్కే దాకా విప్పొద్దు.