చిల్లర గంటల లెక్క

(మొదటి సంవత్సరం విద్యార్థులకు వారపు టైంటేబుల్ తయారీపై ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

స్కూల్లో టైంటేబుల్ ఎవరో వేసి గోడకు అంటించేవాళ్లు. బెల్లు కొడితే లేవడం, మళ్లీ కొడితే కూర్చోవడం, అంతే మీ పని. ఇక్కడ ఏ కోర్సు, ఏ సెక్షన్, ఏ గంట అన్నది చాలావరకు మీరే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక తెర మీద రంగురంగుల డబ్బాలు కనిపిస్తాయి. అది చూసి వారం ప్లాన్ అయిపోయిందనుకుంటారు. ఆ డబ్బాలు మీ వారంలో పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. తక్కిన తొమ్మిది వంతుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల నిద్రకు 56 తీసేయండి. తిండి, స్నానం, బట్టలు, రాకపోకలు కలిపి రోజుకు 3 గంటలు, అంటే 21. మిగిలేవి 91. క్రెడిట్ అంటే కోర్సు బరువుకు కొలత, థియరీలో ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు. ఇప్పుడు 15 క్రెడిట్ల సెమిస్టర్ తీసుకుందాం: మూడేసి క్రెడిట్ల థియరీ కోర్సులు నాలుగు, ఒక్కో క్రెడిట్ ల్యాబ్‌లు మూడు. థియరీకి 12 గంటలు. ల్యాబ్ క్రెడిట్ మాత్రం గంటతో పోదు, సాధారణంగా రెండు గంటలు, కొన్నిచోట్ల మూడు. రెండే అనుకున్నా 6. క్లాసులు మొత్తం 18 గంటలు. క్లాసు గంటకు బయట రెండు గంటలు చదవాలన్న పాత లెక్క ప్రకారం థియరీకి 24, ల్యాబ్ రికార్డులకు తలా ఒక గంట. అంటే సొంత చదువు 27. అన్నీ కలిపితే 45. '15 క్రెడిట్లే కదా' అనుకున్నది పూర్తికాలపు ఉద్యోగమైంది.

క్రెడిట్ అంటే అన్నిచోట్లా ఒకటే కాదు. అమెరికాలో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి గంట క్లాసు, కనీసం రెండు గంటల సొంత పని. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు క్లాసూ చదువూ పరీక్షా అన్నీ కలిపి 25 నుంచి 30 గంటలు. కాబట్టి వేరే దేశంలో చదువుతున్న స్నేహితుడు 30 క్రెడిట్లు తీసుకున్నాడని మీరు పోటీకి దిగకండి.

మళ్లీ లెక్కలోకి వద్దాం. 91లో శని, ఆదివారాలవి 26 గంటలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉన్నవి 65. క్లాసుల 18 పోతే 47. చదువుకు కావాల్సింది 27. మరి పిల్లలకు టైమ్ ఎందుకు చాలదు? ఆ 47 గంటలూ ఒక్క నోటుగా రావు, చిల్లరగా వస్తాయి. ఇక్కడ 50 నిమిషాలు, అక్కడ గంటన్నర, సాయంత్రం ఒక ముక్క. చిల్లర చేతిలో ఉంటే ఎలా ఖర్చవుతుందో తెలుసుగా. దేనికి ఖర్చయిందో కూడా గుర్తుండదు.

అందుకే సెక్షన్లు ఎంచుకునేటప్పుడు క్లాసు ఎప్పుడుందో చూసినట్టే, దాని ముందూ వెనకా ఎంత ఖాళీ మిగులుతుందో చూడండి. ముందుగా, ఒకే సెక్షన్ ఉన్న కోర్సులు పెట్టండి. అవి కదలవు. తర్వాత ల్యాబ్‌లు, ఎందుకంటే అవి పెద్ద ముక్కలు. నాలుగైదు సెక్షన్లున్న కోర్సులు ఆఖరున. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. నచ్చిన లెక్చరర్, నచ్చిన టైమ్ అని ముందు నింపేసి, చివరికి ఒక్కటే ఉన్న ల్యాబ్ దాని మీద పడేసరికి మొత్తం పీకి మళ్లీ కడతారు. అప్పటికి మిగతావాటిలో సీట్లు అయిపోతాయి. కోర్సుకు రెండేసి ప్రత్యామ్నాయ సెక్షన్ల నంబర్లు కాగితం మీద రాసుకుని రిజిస్ట్రేషన్‌కు కూర్చోండి. వచ్చే సెమిస్టర్ కోర్సుకు ముందుగా పాసవ్వాల్సిన కోర్సేదైనా ఉంటే దాన్ని ఇప్పుడు వదలకండి. ఏడాదికి ఒక్కసారే చెప్పే కోర్సు తప్పితే ఏడాది ఆగాలి.

టైంటేబుల్‌లోని గుర్తులు కూడా చదవడం రావాలి. అమెరికా కాలేజీల్లో చాలాచోట్ల గురువారానికి 'ఆర్' అక్షరం వాడతారు, 'టి' మంగళవారానికి పోయింది కనుక. జర్మనీలో గంట పక్కన 'సి.టి.' అని ఉంటే క్లాసు పావుగంట తర్వాత మొదలవుతుందని అర్థం: 10 అని ఉంటే 10:15. అమెరికాలోనే ఒకే కోర్సు సోమ, బుధ, శుక్రవారాల్లో 50 నిమిషాల చొప్పున, లేదా మంగళ, గురువారాల్లో 75 నిమిషాల చొప్పున దొరుకుతుంది. ఎలా చూసినా 150 నిమిషాలే. గణితం, కొత్త భాష లాంటివైతే మూడు చిన్న క్లాసులే మేలు, రోజు విడిచి రోజు చేయి ఆడుతుంది. చర్చలు నడిచే కోర్సులకు పొడుగు క్లాసు బాగుంటుంది.

అన్నీ రెండే రోజుల్లో కుక్కేసి మిగతా రోజులు ఖాళీ పెట్టుకుందామన్న ఆలోచన ప్రతి ఏడాదీ ఎవరికో ఒకరికి వస్తుంది. వద్దు. ఒక్కరోజు జ్వరమొస్తే సగం వారం పోతుంది. అసైన్‌మెంట్లన్నీ ఒకే రోజు ఇవ్వాల్సొస్తుంది, పరీక్షలూ ఒకే రోజు పడతాయి. నాలుగో క్లాసుకొచ్చేసరికి మనిషి కుర్చీలో ఉంటాడు, బుర్ర ఉండదు. వరసగా రెండు సరే, మూడు కష్టం మీద, నాలుగు మాత్రం పెట్టుకోకండి. వరస క్లాసుల మధ్య పది నిమిషాలుంటే ఆ రెండు బిల్డింగుల మధ్య ఒకసారి నడిచి చూడండి. మెట్లు కూడా లెక్కే.

ఉదయం 8 గంటల క్లాసు సంగతి. 8కి సీట్లో ఉండాలంటే 6:45కి లేవాలి. 8 గంటల నిద్ర కావాలంటే రాత్రి 10:45కి కళ్లు మూయాలి. ఈ వయసులో ఒంట్లోని గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది, బద్ధకం అనుకోనక్కర్లేదు. గత మూడు వారాల్లో మీరు 10:45కి నిద్రపోయిన రాత్రులు ఎన్ని? రెండు చేతుల వేళ్లతో లెక్క తేలిపోతే ఇంకో సెక్షన్ చూసుకోండి. 'కాలేజీలో చేరాక మారతాను' అనే మాట మీద సెక్షన్ ఎంచుకోకూడదు.

ఇక చిల్లర గంటలు. మంగళవారం 9కి గణితం, 10కి కెమిస్ట్రీ, 2కి ల్యాబ్ ఉందనుకోండి. 11 నుంచి 2 దాకా మూడు గంటలు. గదికెళ్లి మంచం మీద వాలితే ఆ మూడు గంటలూ గోవిందా, ల్యాబ్‌కు కూడా లేటే. గదికి వెళ్లకండి. 11:10కి లైబ్రరీలో కూర్చుని, నోట్సు మూసేసి, కెమిస్ట్రీలో ఏం చెప్పారో ఖాళీ కాగితం మీద పది నిమిషాలు రాయండి. తర్వాత గణితానికి పది నిమిషాలు. నోట్సు తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చండి. 11:40 నుంచి 12:30 దాకా ఉదయం చెప్పిన రకం లెక్కలు నాలుగో ఐదో. తర్వాత భోజనం. 1:15 నుంచి ల్యాబ్ ప్రయోగం చదివి, రీడింగులు రాసుకునే పట్టిక గీసిపెట్టుకోండి. 1:50కి నడక. ల్యాబ్‌లో పట్టిక గీస్తూ కూర్చునేవాళ్లే రికార్డుకు రెండు గంటలు తింటారు.

నోట్సు మూసి రాయమనడానికి కారణం ఉంది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే తన మీదే పరీక్షలు చేసుకుని, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని చూపించాడు. ఆయన బట్టీపట్టినవి అర్థంలేని అక్షరాల ముక్కలు. అర్థమైన పాఠం అంత వేగంగా పోదు. కానీ పోయే తీరు అదే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు ఇంకో సంగతి తేల్చారు. చదివిన ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లది. మీ పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత రావు కదా.

టైంటేబుల్‌లో 'గణితం 7–9' అని రాస్తే అది కోరిక మాత్రమే. ఆ గంటకు ఏ పని? 'అధ్యాయం 3, లెక్కలు 1 నుంచి 8' అని రాయాలి. ఆదివారం సాయంత్రం 20 నిమిషాలు కూర్చుంటే వారం మొత్తానికీ రాయవచ్చు. అసైన్‌మెంట్‌కు రెండు గంటలు పడుతుందనిపిస్తే మూడు పెట్టండి. మన పనికి పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేయడం అందరికీ ఉన్న జబ్బే. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో దానికి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు కూడా పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నమో, శనివారం ఉదయమో రెండు మూడు గంటలు ఏ పేరూ లేకుండా వదిలేయండి. వారంలో జారిపోయిన పని అక్కడికి చేరుతుంది. ఈ ఒక్క జాగా లేకనే చాలా టైంటేబుళ్లు మూడో వారానికి పోతాయి. బుధవారం ఒక ముక్క తప్పితే అది గురువారం మీద పడుతుంది, గురువారం శుక్రవారం మీద. శనివారానికి కాగితం చించేస్తారు.

ఎంత బాగా వేసినా మొదటి టైంటేబుల్‌లో తప్పులుంటాయి. పెన్సిల్‌తో వేయండి. రోజూ రాత్రి, జరిగిన ముక్కకు టిక్కు, జరగనిదానికి సున్నా. మూడో ఆదివారం ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఒకే ముక్కకు మూడు వారాలూ సున్నా పడితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, దాన్ని వేరే గంటకు మార్చండి. ఒక కోర్సు ముక్కలన్నింటికీ సున్నాలే ఉంటే ఆలోచించాల్సింది గంట గురించి కాదు, ఆ కోర్సు ఈ సెమిస్టర్‌కు ఉంచాలా వద్దా అని. జరిమానా లేకుండా కోర్సు మార్చుకునే గడువు చాలాచోట్ల మొదటి వారం, రెండు వారాల్లోనే ముగుస్తుంది. ఆ తర్వాత వదిలేస్తే, వదిలేసినట్టు మార్కుల జాబితాలో గుర్తు పడుతుంది; అలా విరమించుకునే గడువు ఇంకాస్త దూరం ఉంటుంది. ఆ రెండు తేదీలూ అకడమిక్ క్యాలెండర్‌లో ఉంటాయి. ఫోన్లు ఎలాగూ చేతిలోనే ఉన్నాయి, ఇప్పుడే తీసి చూసి రాసుకోండి. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.