లాంచా: ఈసారి రివ్యూ కారుకు కాదు, కంపెనీకి

నమస్కారం. ఈ చానల్లో మామూలుగా ఒక కారు తీసుకుని ఇంజిను ఎలా ఉంది, వెనక సీట్లో కాళ్ళు పడతాయా, పెట్టిన డబ్బుకు గిట్టుబాటు అవుతుందా అని చూస్తాం. ఈసారి రివ్యూ ఒక కంపెనీకి. పేరు లాంచా. ఇంగ్లీషు అక్షరాలు చూసి లాన్సియా అని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళనక్కర్లేదు, అదీ ఇదీ ఒకటే.

ఇటలీ స్పోర్ట్స్ కార్లంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి ఫెరారీ, లాంబొర్గీని. లాంచా ఆ రెండిటికంటే పాతది. 1906లో ట్యూరిన్ నగరంలో విన్‌చెంజో లాంచా, క్లౌడియో ఫొగోలిన్ కలిసి పెట్టారు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో తయారీదారుల టైటిల్‌ను ఈ కంపెనీ పదిసార్లు గెలిచింది. చివరిది 1992లో. 2025 సీజను ముగిసేదాకా ఆ పదిని ఎవరూ అందుకోలేదు. అంతటి కంపెనీ తర్వాత ఒకే ఒక్క మోడల్‌ను ఒకే ఒక్క దేశంలో అమ్ముకునే స్థితికి దిగింది. ఇప్పుడు ఫియట్, ప్యుజో లాంటి కంపెనీలున్న స్టెలాంటిస్ గ్రూపు దాన్ని మళ్ళీ నిలబెట్టే పనిలో ఉంది. ఆ పని ఎలా సాగుతోందో చూద్దాం.

లాంచా అభిమానులను ఇటలీలో లాంచిస్తి అంటారు. వీళ్ళు ఎక్కడ కలిసినా చర్చ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది: ర్యాలీలు గెలిచిపెట్టిన ఆ డెల్టా ఇంటెగ్రాలే కారు మళ్ళీ ఎప్పుడొస్తుంది? నా పేచీ ఆ ప్రశ్నతోనే. డెల్టా గొప్ప కారే, కాదనను. కానీ లాంచా అంటే ఏమిటో తెలియాలంటే డెల్టా కంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1922 నాటి లాంబ్డాను తెర మీద చూడండి. ఆ రోజుల్లో కారంటే కింద బరువైన ఇనుప చట్రం, దాని మీద విడిగా బిగించిన బాడీ. విన్‌చెంజో లాంచా ఆ చట్రాన్నే తీసేశారు. ఓడ పొట్టు కట్టే తీరును చూసి, ఉక్కు రేకుల బాడీయే బరువంతా మోసేలా చేయించారు. మన రోడ్ల మీద తిరిగే ఆల్టో నుంచి ఖరీదైన జర్మన్ కార్ల దాకా దాదాపు అన్నీ ఇవాళ ఇదే సూత్రం మీద తయారవుతున్నాయి. ఆయన అంతటితో ఆగలేదు. ముందు చక్రాలు దేనికది విడిగా ఆడే సస్పెన్షన్ పెట్టారు. నాలుగు సిలిండర్లను వి ఆకారంలో అమర్చారు. ఆ వి ఎంత ఇరుకంటే రెండు వరసలకూ కలిపి ఒకే సిలిండర్ హెడ్ సరిపోయింది. వందేళ్ళ కిందటి మాట ఇది!

ఆయన 1937లో చనిపోయారు. ఆ ఇంట్లో, ఆ ఫ్యాక్టరీలో ఆ పిచ్చి మాత్రం పోలేదు. 1950లో ఔరేలియా వచ్చింది. వి6 ఇంజినుతో ఉత్పత్తిలోకి వచ్చిన తొలి కారు అదే. ఆరు సిలిండర్లను వి ఆకారంలో పెడితే ఇంజిను అదురుతుంది, అది అదరకుండా తిరగాలంటే రెండు వరసల మధ్య కోణం ఎంత ఉండాలన్న లెక్క మీద ఫ్రాంచెస్కో దె విర్జీలియో అనే ఇంజినీరు ఏళ్ళ తరబడి కూర్చున్నారు. 60 డిగ్రీలు అని తేల్చారు. ఇప్పటికీ వి6 చేసేవాళ్ళు ఎక్కువగా ఆ కోణాన్నే వాడుతున్నారు. బరువు ముందూ వెనకా సమంగా పడాలని క్లచ్చును, గేరుబాక్సును వెనక ఇరుసు దగ్గరికి తీసుకుపోయారు. మరుసటి ఏడాది వచ్చిన బి20 జీటీ అయితే నాకు లాంచా కార్లన్నిటిలోకీ ఇష్టమైనది. 1951లో ఇటలీ రోడ్ల మీద జరిగిన మిల్లె మిలియా రేసులో రెండు లీటర్ల ఈ కూపే, నాలుగు లీటర్లు దాటిన ఇంజినున్న ఫెరారీ వెనకాలే రెండో స్థానంలో వచ్చింది.

ఈ రెండు కార్లలో మీరు గమనించాల్సింది ఒకటే. డబ్బంతా కొనేవాడి కంటికి కనిపించని చోట పెట్టారు. షోరూమ్‌లో నిలబడి చూస్తే ఔరేలియా గేరుబాక్సు ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? నడిపితేనే తెలుస్తుంది. అందుకే నడిపినవాళ్ళు ప్రాణం పెట్టారు, లెక్కలు రాసేవాళ్ళు తల పట్టుకున్నారు.

ఆ తలనొప్పి ముదిరింది విన్‌చెంజో కొడుకు జాన్ని కాలంలో. ఆయన ఫార్ములా వన్ మీద మనసుపడ్డారు. ఇంజినీరు విత్తోరియో యానో చేతిలో డి50 తయారైంది. ఇంజినునే కారు నిర్మాణంలో బరువు మోసే భాగంగా వాడుకున్నారు, ఇంధన ట్యాంకులను రెండు పక్కల చక్రాల మధ్య పెట్టారు. 1954 చివర్లో స్పెయిన్‌లో మొదటిసారి దిగీ దిగగానే డ్రైవరు అల్బెర్తో అస్కారి చేతిలో అందరికంటే ముందు వరసలో నిలిచింది. 1955 మేలో మొనాకోలో అస్కారి కారుతో సహా సముద్రంలో పడ్డారు, ఈదుకుంటూ బయటపడ్డారు. నాలుగు రోజులకు మొంజాలో ఒక ఫెరారీని నడిపి చూస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. లాంచా చేతిలో డబ్బు అప్పటికే అడుగంటింది. డి50 కార్లన్నీ ఫెరారీకి అప్పగించేశారు. మరుసటి ఏడాది డ్రైవరు ఫాంజియో ప్రపంచ చాంపియన్ అయింది వాటి మీదే. కిరీటం మాత్రం ఫెరారీ ఖాతాలో పడింది.

కంపెనీ ఆ కుటుంబం చేజారి సిమెంటు వ్యాపారి కార్లో పెసెంతికి చేరింది. అదే సమయంలో ట్యూరిన్‌లో ఒక రోడ్డుకు అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడినట్టు లాంచా ఆకాశహర్మ్యం లేస్తోంది. అప్పుల్లో ఉన్న కంపెనీకి అంత మేడ ఎందుకని నన్ను అడగకండి. 1969లో అప్పులతో సహా ఫియట్ కొనేసింది.

ఇక అందరూ ఎదురుచూసే ర్యాలీల భాగం. 1970 ట్యూరిన్ కార్ల ప్రదర్శనలో బెర్తోనే అనే కార్ల డిజైన్ సంస్థ స్ట్రాటోస్ జీరో అనే నమూనా కారు పెట్టింది. గీసినవారు మార్చెల్లో గాందీని. ఎత్తు 84 సెంటీమీటర్లు. నూచ్యో బెర్తోనే దాన్ని స్వయంగా నడుపుకుంటూ లాంచా కార్యాలయానికి వెళ్ళి, గేటు దగ్గర అడ్డంగా ఉన్న కర్ర కింద నుంచే లోపలికి పోనిచ్చారని చెప్పుకుంటారు. దాని నుంచి పుట్టిందే స్ట్రాటోస్ హెచ్‌ఎఫ్. ఫెరారీ డినో వి6 ఇంజిను సీట్ల వెనక. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.18 మీటర్లే, మన పాత మారుతి 800కూ దాదాపు అంతే. అంత పొట్టి కారు ఇలా అనగానే అలా తిరుగుతుంది, చేయి పొరపాటున కదిలినా తిరుగుతుంది. తలుపుల్లో హెల్మెట్లు పెట్టుకోవడానికి గూళ్ళున్నాయి. ర్యాలీ కోసమే మొదటి నుంచీ కొత్తగా గీసిన కారు కావడం దీని ప్రత్యేకత. 1974, 75, 76 టైటిళ్ళు దీనివే.

1983 కథ ఇంకా రుచిగా ఉంటుంది. అప్పటికి ఆడి నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే క్వాట్రోతో వచ్చేసింది. లాంచా దగ్గరున్న 037లో శక్తి వెనక చక్రాలకే. జట్టు నాయకుడు చేజరె ఫియోరియో లెక్క సూటిగా ఉంది: ఓడిపోయే చోటికి వెళ్ళవద్దు. స్వీడన్ మంచు ర్యాలీకి వెళ్ళనే లేదు. గెలవగలిగిన చోట్ల మాత్రం వదల్లేదు. చివరికి తేడా రెండు పాయింట్లు. వెనక చక్రాలతో నడిచే కారు ఆ టైటిల్ గెలవడం అదే ఆఖరు.

1986 మేలో కోర్సికా ర్యాలీలో హెన్రీ తోయివోనెన్, ఆయన పక్కన దారి చెప్పే సెర్జియో క్రెస్తో తమ డెల్టా ఎస్4లో కాలిపోయారు. ఆ ఏడాదితో గ్రూప్ బి అనే మహా శక్తిమంతమైన ర్యాలీ కార్ల కాలం ముగిసింది. కనీసం 5,000 కార్లు అమ్మకానికి తయారుచేయాలన్న గ్రూప్ ఎ నిబంధనలు వచ్చేసరికి, నాలుగు చక్రాల శక్తితో సరిపోయే డెల్టా లాంచా చేతిలో సిద్ధంగా ఉంది. 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరు టైటిళ్ళు. కంకునెన్, బియాజోన్ చెరి రెండుసార్లు దీని మీదే డ్రైవర్ల చాంపియన్లయ్యారు.

ఇక్కడ లాంచిస్తికి కోపం తెప్పించే మాట చెబుతాను. 1979 నాటి అసలు డెల్టా, ఫియట్ రిత్మో విడిభాగాల మీద జుజారో గీసిన మామూలు కుటుంబ కారు. అంటే మీరు పూజించే డెల్టాలో కూడా పుట్టుకతో వచ్చిన ఇంజినీరింగ్ చాలావరకు ఫియట్‌దే. స్ట్రాటోస్ గుండె ఫెరారీది. కాబట్టి ఇంకొకరి భాగాలు వాడటమే నేరం అయితే ర్యాలీ టైటిళ్ళన్నీ వెనక్కి ఇచ్చేయాలి. తెచ్చుకున్న భాగాలతో నువ్వేం చేశావన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్షలో లాంచా ఎలా తప్పిందో త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి పెద్దగా సరదా లేదు. 1972లో వచ్చిన బేటా మంచి కారు, కానీ ఇంజినును మోసే ఫ్రేమే తుప్పుపట్టింది. బ్రిటన్‌లో పత్రికలకెక్కింది, కంపెనీ కార్లు వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది, 1994లో ఆ మార్కెట్టే వదిలేసింది. 2011లో అమెరికా క్రైస్లర్ 300కు లాంచా బ్యాడ్జి తగిలించి థేమా అన్నారు. ఒకప్పటి థేమా 8.32లో ఫెరారీ వి8 ఉండేది! చివరికి యిప్సిలాన్ అనే చిన్న కారు మిగిలింది, అదీ ఇటలీలోనే. దాని పాత తరంలో దొరికిన 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిను మీకు బాగా పరిచయం. మన స్విఫ్ట్ డిజైర్ ట్యాక్సీలు లక్షల కిలోమీటర్లు తిరిగింది దాని మీదే. లాంచాలో మీరెక్కకపోయినా దాని ఇంజిను వెనక కూర్చునే ఉంటారు.

సరే, కొత్త యిప్సిలాన్. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మన దేశంలో అమ్మడం లేదు, నేను నడపలేదు, కాబట్టి స్టీరింగ్ ఎలా ఉందన్న కబుర్లు ఉండవు. కాగితం మీద ఉన్నదే చూద్దాం. ప్యుజో 208, ఓపెల్ కోర్సా ఏ ప్లాట్‌ఫామ్ (కారు కింది నిర్మాణం) మీద ఉన్నాయో ఇదీ దాని మీదే. తయారయ్యేది స్పెయిన్‌లోని సారగోసా దగ్గర. విద్యుత్ రకానికి 156 హార్స్‌పవర్, ఒకసారి చార్జి చేస్తే 403 కిలోమీటర్లని ప్రకటించారు. పెట్రోలు హైబ్రిడ్‌కు వచ్చినప్పుడు 100 హార్స్‌పవర్, ధర సుమారు 25 వేల యూరోల దగ్గర మొదలైంది. వెనక దీపాలు స్ట్రాటోస్ లాగా గుండ్రం. లోపల సీట్ల మధ్య కసీనా అనే ఫర్నిచర్ కంపెనీ గీసిన గుండ్రటి చిన్న బల్ల. తొలి విడత కార్ల సంఖ్య, కంపెనీ పుట్టిన ఏడాది గుర్తుగా, సరిగ్గా 1906.

నా అభ్యంతరం ఆ బల్ల మీదే. ఔరేలియా గేరుబాక్సును దాచుకుంది, ఇది బల్లను చూపిస్తోంది. గుండ్రటి దీపాలు, 1906 అంకె... తాతలు నేతులు తాగారు, మూతులు వాసన చూడమన్నట్టే ఉంది. కొనేవాళ్ళకూ ఆ వాసన సరిపోలేదు. పాత యిప్సిలాన్‌ను 2023లో ఇటలీలో 40 వేలకు పైగా కొన్నారు. 2025 వచ్చేసరికి లాంచా అమ్మకాలు అందులో మూడో వంతుకు కూడా చేరలేదు. పాతది ఎందుకు అమ్ముడుపోయిందంటే చవక, చిన్నది, ఇటలీ ఇరుకు సందుల్లో ఎక్కడైనా దూరిపోయేది. ఆ కొనుగోలుదారును వదిలేశారు, ప్రీమియం కొనుగోలుదారు ఇంకా రాలేదు.

దీనిలోనే వేగం కోసం చేసిన విద్యుత్ రకం, యిప్సిలాన్ హెచ్‌ఎఫ్, కొంచెం నయం. 280 హార్స్‌పవర్, ముందు చక్రాలకు శక్తిని పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ పంచే టోర్సెన్ డిఫరెన్షియల్, సున్నా నుంచి వందకు 5.6 సెకన్లు. అంకెలు బాగున్నాయి. కానీ ఇదే శక్తి, ఇదే డిఫరెన్షియల్ ఆల్ఫా రోమియో జూనియర్ వెలోచేలోనూ, అబార్త్ 600ఇ లోనూ దొరుకుతాయి. మూడు బ్యాడ్జీలు తీసేసి మూడు కార్లూ నిలబెడితే లాంచా ఏదో దీపాలు చూసి చెప్పాలి.

నాకు ఆశ కలిగించేది ర్యాలీ విభాగం. 212 హార్స్‌పవర్ యిప్సిలాన్ ర్యాలీ4 కారును చిన్న జట్లు కొనుక్కుని పోటీ పడేలా తయారుచేశారు, దానికో ప్రత్యేక పోటీ కూడా పెట్టారు. 2026కు నాలుగు చక్రాల శక్తితో ర్యాలీ2 హెచ్‌ఎఫ్ ఇంటెగ్రాలే ప్రకటించి, ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లోని డబ్ల్యూఆర్‌సీ-2 విభాగంలోకి వస్తున్నామన్నారు. ఇది పై అంతస్తు కాదు, రెండో అంతస్తు. ఫరవాలేదు. ఫియోరియో లెక్క గుర్తుందిగా, గెలవగలిగిన చోట దిగడం.

తీర్పు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. కొత్త యిప్సిలాన్ హైబ్రిడ్‌కు పదికి ఐదు, హెచ్‌ఎఫ్‌కు ఆరు, ర్యాలీ పనికి ఎనిమిది. కంపెనీకి మార్కులు ప్రస్తుతానికి ఆపి ఉంచాను. ఇటలీలోని మెల్ఫీ ఫ్యాక్టరీలో తయారవుతుందన్న గామా అనే కొత్త లాంచా కారు వచ్చాక వేస్తాను. దాని అద్దాలూ తోలూ కాదు, ఒకసారి లిఫ్టు మీదికి ఎక్కించి కింద ఏముందో చూపించే వీడియో ఎవరు పెట్టినా నాకు పంపండి. లాంచా ఇంజినీర్లు సొంతంగా వేసిన చేయి ఒక్కటైనా అక్కడ కనిపిస్తే మార్కులు ఉదారంగానే ఉంటాయి.

కింద వ్యాఖ్యల్లో ఎలాగూ "డెల్టా ఎప్పుడు?" అనే రాస్తారు, తెలుసు. రాయండి. రాసేముందు ఔరేలియా బి20 ఇంజిను శబ్దం ఎక్కడైనా దొరికితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి.