చూసిన సినిమాల చిట్టా

అందరికీ నమస్కారం. సినిమాలంటే ఇష్టమున్నవాళ్లు ఇంతమంది ఒకచోట చేరారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

రెండు గంటల సినిమా అంటే, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, మొత్తం 1,72,800 ఫ్రేములు. వారం తిరిగేసరికి వాటిలోంచి మనకు మిగిలేది నాలుగైదు సీన్లు, ఒకటో రెండో డైలాగులు. ఆరు నెలలు గడిస్తే ‘చూశాను, బాగానే ఉంది’ అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది. ఒక్కోసారి అసలు చూశామో లేదో కూడా తేలదు. సగం నడిచాక ‘ఇది ఎక్కడో చూసినట్టుందే’ అనిపిస్తుంది. అంత ఇష్టపడి, అంత టైం పెట్టి చూసింది ఇలా చేజారిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ ఏడాది చూసే ప్రతి సినిమా గురించీ రాసిపెట్టుకోమని అడగడానికి వచ్చాను.

ఈ అలవాటు కొత్తదేం కాదు. ఎవరు ఏ సినిమాలో నటించారో తెలుసుకోవాలంటే అందరం ఐఎండీబీ తెరుస్తాం. దాన్ని మొదలుపెట్టిన కాల్ నీడమ్, తాను చూసిన సినిమాలు గుర్తుండటం కోసం వివరాలు రాసుకుంటూ వచ్చిన ఒక ప్రేక్షకుడు. ఆయన సొంత చిట్టా, ఆయనలాంటి అభిమానుల జాబితాలతో కలిసి 1990లో ఇంటర్నెట్‌లో అందరికీ అందింది. పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ను ఒక్కో రీలూ కూడబెట్టి నిలబెట్టిన పి.కె. నాయర్ అయితే థియేటర్ చీకట్లోనే నోట్‌బుక్‌లో రాసుకునేవారు.

సరే, ఏం రాయాలి? ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ లాగ్, హీరోయిన్ బాగా చేసింది, ఐదుకు మూడు.’ ఏడాది తర్వాత ఈ లైను చదివితే కళ్ల ముందుకు ఏమీ రాదు. వంద సినిమాలకు ఇదే లైను సరిపోతుంది. దీనికి బదులు ఇలా రాసి చూడండి: ‘కొడుకు రాసిన ఉత్తరం చదువుతున్నంతసేపూ తండ్రి మొహం చూపించలేదు. కాగితం అంచు వణకడం మాత్రం కనిపించింది. వెనక ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. మ్యూజిక్ లేదు.’ ఇందులో మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. అయినా ఎప్పుడు చదివినా ఆ సీను తిరిగొస్తుంది. దర్శకుడు ఏం ఎంచుకున్నాడో, దేన్ని వదిలేశాడో తెలుస్తుంది. నచ్చిందన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు చూసింది, విన్నది రాయండి. మార్కులు వేయాలనిపిస్తే చివర్న వేసుకోండి.

ఇలా రాస్తూ పోతే కొన్నాళ్లకు చూసే తీరే మారుతుంది. ఇంటికెళ్లి రాయాలన్న ధ్యాస సినిమా నడుస్తుండగానే పనిచేస్తుంది. ఫలానా పాత్ర అబద్ధం చెబుతోందని ఎవరూ చెప్పకుండానే మనకెలా తెలిసింది? ఈ గదిలో వెలుతురు ఇందాకటికన్నా ఎందుకు తగ్గింది? కట్ చేయాల్సిన చోట కెమెరా ఇంకో రెండు క్షణాలు ఎందుకు ఆగింది? ఇవన్నీ కంట్లో పడటం మొదలవుతుంది. నా మట్టుకు ఈ చిట్టా వల్ల దక్కే అసలు లాభం ఇదే. పాత పేజీలు ఎప్పటికీ తిరగేయకపోయినా ఈ లాభం ఎక్కడికీ పోదు.

రాసేది మాత్రం అదే రోజు రాయాలి. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల ముక్కల్ని తానే కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నారో కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించారు. మొదటి కొన్ని గంటల్లో మరుపు చాలా వేగంగా సాగుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేలింది. సినిమాకు కథ ఉంటుంది కాబట్టి అంత తొందరగా చెరిగిపోదు. కానీ కుళాయి చప్పుడులాంటి చిన్న వివరాలు గుర్తుండవు.

ఇంకో చిక్కుంది. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉత్తర అమెరికా ఆదివాసీల కథ ఒకదాన్ని ఆ సంస్కృతితో పరిచయం లేనివాళ్ల చేత చదివించి, తర్వాత తిరిగి చెప్పమన్నారు. వాళ్లు కొంత మరిచిపోయారు సరే, తమకు వింతగా తోచిన చోట్లను తెలిసిన తీరులోకి మార్చి చెప్పారు. ఆ పరిశోధన 1932లో పుస్తకంగా వచ్చింది. సినిమాల విషయంలో మనం చేసేదీ ఇదే. అంతుపట్టని ముగింపును రెండు నెలల్లో మనకు నచ్చినట్టు సర్దేసుకుంటాం. ‘చివర్లో ఆమె ఎందుకు వెనక్కి తిరిగిందో అర్థం కాలేదు’ అని ఆ రాత్రే రాసిపెడితే ఆ ప్రశ్న ప్రశ్నగానే ఉంటుంది. అలాంటి ప్రశ్నలున్న సినిమాలే మళ్లీ చూడాలనిపిస్తాయి.

తేదీ, పేరు, విడుదలైన సంవత్సరం, దర్శకుడు, ఎక్కడ చూశారు అన్నవి ఎలాగూ రాస్తారు. ఫోన్లో చూశారా థియేటర్లో చూశారా అన్నది తప్పక రాయండి, రెండూ ఒకటే అనుభవం కాదు. మధ్యలో ఆపేసిన సినిమాలనూ వదలొద్దు. ఎన్నో నిమిషం దగ్గర, ఏ సీను చూసి ఆపేశారో రాస్తే మీ అభిరుచి గురించి మంచి సినిమాలకన్నా అవే ఎక్కువ చెబుతాయి.

నోట్‌బుక్కా, ఎక్సెల్ షీటా అన్నది మీ ఇష్టం. 2011లో న్యూజిలాండ్‌లో మొదలైన లెటర్‌బాక్స్‌డ్ లాంటి, చూసిన సినిమాలు నమోదు చేసుకునే సైట్లు తేదీలు, లెక్కలు చక్కగా చూసుకుంటాయి. కాకపోతే నలుగురూ చదువుతారనగానే మన మాట మారిపోతుంది. అందరూ మెచ్చిన సినిమా మనకు బోర్ కొట్టిందని రాయడానికి చెయ్యి రాదు. అందుకే ఎవరికీ చూపించని కాపీ ఒకటి ఉండాలంటాను.

దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్ ఏటా జనవరిలో, గడిచిన ఏడాది ఏ రోజు ఏం చూశారో, ఏం చదివారో జాబితాగా బయటపెడుతుంటారు. ఉత్త పేర్లూ తేదీలే. అయినా ఏ సినిమా దగ్గరికి ఆయన పదేపదే వెళ్లారో దాన్ని బట్టి తెలిసిపోతుంది. డిసెంబరులో మీ జాబితా కూడా అలా తిరగేయండి. మీరు పుట్టకముందు వచ్చిన సినిమాలు ఎన్ని చూశారు? మీకు రాని భాషలో ఎన్ని? మహిళలు తీసినవి ఎన్ని? వచ్చే ఏడాది ఏం చూడాలో ఆ ఖాళీలే చెబుతాయి.

ఇక మళ్లీ చూసిన సినిమాల సంగతి. కొత్త తేదీ వేసి కొత్తగా రాయండి. పాతది ముందు చదవొద్దు, రాశాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. పాతదాన్ని ఒక్క అక్షరం కూడా దిద్దొద్దు. మొదటిసారి ఏమవుతుందోనన్న టెన్షన్‌తో చూస్తాం. రెండోసారి ముగింపు తెలుసు కాబట్టి, మొదటి పది నిమిషాల్లోనే దర్శకుడు వదిలిన ఆనవాళ్లన్నీ కనిపిస్తాయి. ఒకే సినిమా గురించి వేర్వేరు ఏళ్లలో నేను రాసుకున్నవి చూస్తే ఏ రెండింట్లోనూ ఒకే సీను లేదు.

ఇక మీరు అడగండి. ఇప్పటికే ఇలా రాసుకుంటున్నవాళ్లుంటే ఏమేం రాస్తున్నారో చెప్పండి, వినాలనుంది.