మార్చే ముందు మీటరు పెట్టండి

(విజయనగరంలో మోటార్ మెకానిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నా చేతిలో ఉన్నది చూడండి. స్పార్క్ ప్లగ్గులా ఉంటుంది, కాకపోతే మొన మీద సన్నని గాట్లున్న ఇనుప టోపీ, వెనక ఒకే ఒక వైరు. ఇది ఆక్సిజన్ సెన్సార్. పొగ గొట్టంలో కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్తుంది. పోయిన నెల ఒక పాత మాజ్దా ఎంఎక్స్-5 నుంచి తీశాను. ముందు వరస నుంచి పంపిస్తాను, ఒకరు చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. మొన మీద తెల్లటి పూత కనిపిస్తుంది. దాన్ని గోకొద్దు. అదెలా వచ్చిందో తర్వాత చెప్తాను.

ఎంఎక్స్-5 మీలో చాలామంది ఫోటోలోనే చూసుంటారు. రెండే సీట్లు, మడిచే టాపు, స్విచ్ నొక్కితే కప్ప కళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. 1989లో వచ్చిన మొదటి తరం మోడల్, 1600 సీసీ ఇంజిన్. బయటి దేశం నుంచి వచ్చి, రెండు మూడు చేతులు మారి మన ఊరికి చేరిన బండి. ఓనరు రిటైరైన డాక్టర్ గారు. ఆదివారం పొద్దున్నే టాపు తీసి సాలూరు దాకా వెళ్లడం, ఓపికుంటే సుంకి వైపు ఘాట్ ఎక్కి రావడం ఆయన సరదా. ఆ ఘాట్‌లోనే బండి మొరాయించింది. "ఎత్తు మీద పికప్ లేదు బాబూ, వెనక నుంచి పెట్రోలు వాసన, మైలేజీ సగానికి పడిపోయింది" అన్నారు.

ఈ బండికి మీరు చదువుకునే ఓబీడీ-2 సాకెట్, అదే స్కానర్ తగిలించి లోపం కోడ్ చదివేది, ఉండదు. బానెట్ కింద ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది. అందులో టీఈఎన్ అని రాసిన పిన్నుకి, జీఎన్‌డీ అని రాసిన పిన్నుకి మధ్య వైరు ముక్క పెట్టి, కీ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డు లైటు మెరవడం మొదలవుతుంది. పొడుగు మెరుపు పదులకి, పొట్టి మెరుపు ఒకట్లకి. మాకు ఒక పొడుగు, అయిదు పొట్టి వచ్చాయి. కోడ్ పదిహేను. అంటే ఆక్సిజన్ సెన్సార్ నుంచి సరైన సిగ్నల్ రావట్లేదని.

నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు అప్పటికే పానా పట్టుకుని నిలబడ్డాడు. "ఏటి గురువుగారూ, ఇంకా చూస్తన్నారు? కోడ్ సెన్సార్ అన్నాది కదా, మార్చీద్దాం" అన్నాడు. వాడి వయసులో నేనూ అలాగే చేశాను. చేసి ఒక మనిషికి నష్టం తెచ్చాను. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత ఈ బండికి వస్తాను.

చాలా ఏళ్ల కిందట ఒక మాస్టారి కారు వచ్చింది. ఇదే కోడ్. నేను మీటరు కూడా పెట్టకుండా కొత్త సెన్సార్ తెప్పించి బిగించాను. లైటు పోయింది. ఆయన డబ్బు కట్టి వెళ్లారు. వారం తిరగకుండా మళ్లీ లైటు, మళ్లీ పెట్రోలు వాసన. అప్పుడు కూర్చుని వెతికితే సెన్సార్‌కి ఏమీ కాలేదు. ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే గొట్టం, అదే మానిఫోల్డ్, దాని ప్యాకింగ్ ఒక మూల కాలిపోయి సన్నని సందు పడింది. పొగ దెబ్బ దెబ్బగా వస్తుంది కదా, రెండు దెబ్బల మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సార్ ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి "పెట్రోలు తక్కువైంది" అని చెప్పింది. కంప్యూటర్ నమ్మి ఇంకా పెట్రోలు పోసింది. సెన్సార్ తను చూసింది నిజంగానే చెప్పింది. వినడం నాకు రాలేదు. మాస్టారికి సెన్సార్ డబ్బులు తిరిగిచ్చేశాను. ఆయన "పర్లేదయ్యా" అన్నా నాకు ఇప్పటికీ ఆ మొహం గుర్తొస్తుంది. నెల జీతం మీద బతికే మనిషి.

అందుకే ఈ సెన్సార్ లోపల ఏం జరుగుతుందో మీకు తెలియాలి. మొన లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన చిన్న గొట్టం ఉంటుంది, కుట్టుపని వాళ్లు వేలికి పెట్టుకునే తొడుగు ఆకారంలో. దానికి లోపలా బయటా ప్లాటినం పూత. బయటి వైపు పొగ తగులుతుంది, లోపలి వైపు మామూలు గాలి ఉంటుంది. సుమారు 300 డిగ్రీలు దాటాక రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాకి తగ్గట్టు వోల్టేజీ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ మిగలకపోతే, అంటే పెట్రోలు ఎక్కువైతే, 0.8, 0.9 వోల్టులు. ఆక్సిజన్ మిగిలితే 0.1, 0.2. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క దగ్గర వోల్టేజీ 0.45 చుట్టూ ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకుతుంది.

మనది ఫిడేలు ఊరు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఇక్కడే ఉంది. ఫిడేలు శ్రుతి చేసేవాళ్లని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? బిరడా ఒక్క పిసరు బిగిస్తారు, వింటారు, ఒక్క పిసరు వదులుతారు, మళ్లీ వింటారు. కంప్యూటర్ చేసేదీ అదే. కాస్త పెట్రోలు పెంచుతుంది, సెన్సార్ ఏమంటుందో వింటుంది, కాస్త తగ్గిస్తుంది. ఫిడేలు వాళ్లు శ్రుతి కుదిరాక ఆపేస్తారు, ఇది ఇంజిన్ తిరిగినంతసేపూ ఆపదు. కాబట్టి బాగున్న సెన్సార్ వోల్టేజీ ఎప్పుడూ ఒకచోట నిలబడదు. నిలబడిపోయిందంటే అనుమానించాలి.

బాష్ కంపెనీ దీన్ని 1976లో మొదట వోల్వో కార్లలో పెట్టింది. మన దేశానికి రావడానికి చాలా కాలం పట్టింది, ఎందుకంటే సీసం కలిసిన పెట్రోలు ప్లాటినం పూతని చంపేస్తుంది. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా వచ్చింది.

ఇప్పుడు డాక్టర్ గారి బండి. ముందు చల్లటి ఇంజిన్ మీద పని. పొద్దున్నే స్టార్ట్ చేసి మానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టి విన్నాం. ప్యాకింగ్ లీకుంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ టిక్ మని సన్నని శబ్దం వస్తుంది, వేడెక్కి ఇనుము సాగాక పోతుంది. అందుకే మధ్యాహ్నం వచ్చిన బండిలో అది దొరకదు. జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలున్నాయేమో చూశాం. లేవు. తర్వాత ప్లగ్గులు విప్పాం. నాలుగూ ఒకేలా పొడి మసితో నల్లగా ఉన్నాయి, అంటే నాలుగు సిలిండర్లలోనూ పెట్రోలు ఎక్కువే పడుతోంది. ఒకటే నల్లగా ఉండి మూడు బాగుంటే ఆ సిలిండర్ మిస్సింగ్, అంటే అందులో మంట సరిగా అంటుకోవట్లేదు అనుకోవాలి. మిస్సింగ్ ఉన్న ఇంజిన్‌లో పెట్రోలు కాలదు, ఆక్సిజన్ కూడా కాలదు. రెండూ పొగలోకి వచ్చేస్తాయి. సెన్సార్‌కి తెలిసేది ఆక్సిజన్ ఒక్కటే, కాబట్టి అప్పుడు కూడా "పెట్రోలు తక్కువ" అనే చెప్తుంది. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ పోయిన బండికి సెన్సార్ మార్చిన వాళ్లని నేను చూశాను.

తర్వాత ఎర్త్. ఒక వైరు సెన్సార్‌కి ఎర్త్ దాని మరల ద్వారా మానిఫోల్డ్ నుంచే రావాలి. మన జిల్లాలో భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రపు గాలి తగిలే బండ్లలో ఆ మరలు తుప్పు పట్టడం మామూలే. ఇంజిన్ తిరుగుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది సెన్సార్ ఇనుప ఒంటి మీద పెట్టాం. 0.1 వోల్టు లోపే ఉంది, ఎర్త్ బాగుంది. కనెక్టర్ విప్పి కంప్యూటర్ దాకా వైరు చూశాం, ఎక్కడా తెగలేదు.

అప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కించాం. ఈ ఒక వైరు సెన్సార్‌కి హీటర్ ఉండదు, పొగ వేడి మీదే ఆధారపడుతుంది, ఐడిల్‌లో (ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) చల్లబడి పడుకుంటుంది. ఐడిల్‌లో కొలిచి పోయిందనుకోకండి. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి కొలవాలి. డిజిటల్ మీటరే వాడాలి. ముల్లు మీటరు కరెంటు లాగేసుకుంటుంది, అంత చిన్న సిగ్నల్‌ని పాడుచేస్తుంది. వైరు పైతోలు గుచ్చకుండా కనెక్టర్ వెనక నుంచి సన్నని పిన్ను దూర్చి తాకించాం.

0.31. 0.30. 0.32. కదలదు. ఎప్పుడూ 0.45 కిందే, అంటే కంప్యూటర్‌కి "పెట్రోలు తక్కువ" అనే చెప్తోంది. బాగున్న సెన్సార్ అయితే పది సెకన్లలో ఆరేడు సార్లయినా 0.45ని దాటి అటూ ఇటూ ఊగాలి.

అయినా అక్కడ తీర్పు ఇవ్వలేదు. ఇంజిన్‌లోనే నిజంగా పెట్రోలు తక్కువై సెన్సార్ అదే చెప్తోందేమో? అది తేల్చడానికి ఇంజిన్ గాలి పీల్చుకునే వాక్యూమ్ గొట్టంలోంచి, మండే గుణమున్న కార్బ్ క్లీనర్ ఒక్క చిన్న పిచికారీ ఇచ్చాం. వేడి మానిఫోల్డ్ పక్కన ఇది జాగ్రత్తగా చేయాలి, మీరు మాస్టారు లేకుండా చేయొద్దు. అంత ఇంధనం ఒక్కసారి లోపలికి పోతే మంచి సెన్సార్ కంటి రెప్ప వేసేలోపు 0.9కి ఎగరాలి. ఇది నాలుగైదు సెకన్లు మెల్లగా పాకి 0.47 దగ్గర ఆగిపోయింది. గొట్టం విప్పి గాలి ఎక్కువ చేస్తే అంతే బద్ధకంగా 0.2కి దిగింది. అప్పుడు కుర్రాడి వైపు తిరిగి "ఇప్పుడు మార్చీద్దాం" అన్నాను.

విప్పడం ఈ పనిలో పెద్ద భయం. ముప్పై ఏళ్లుగా మంటలో కాలిన మరలు. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాం. పొద్దున్న ఇంజిన్ రెండు నిమిషాలు తిప్పి ఆపాం. గోరువెచ్చగా ఉండాలి, చెయ్యి కాలేంత కాదు. 22 ఎంఎం పానా, వైరు దూరడానికి పక్కన చీలిక ఉన్న బాక్స్. కొంచెం విప్పి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ విప్పి. ఒకేసారి గుంజితే మానిఫోల్డ్ మరలు ఊడి సెన్సార్‌తోపాటు వచ్చేస్తాయి. ఇలాంటి బండికి కొత్త మానిఫోల్డ్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. అరగంట పట్టింది. ఆ అరగంట నాకు టెన్షనే.

వచ్చాక మొన చూస్తే మీరిప్పుడు చూస్తున్న తెల్ల పూత. సెన్సార్ మొన మాట్లాడుతుంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. తెల్లగా, గాజు పొడిలా ఉంటే సిలికాన్, లేదా కూలెంట్. ఈ బండిలో కూలెంట్ తగ్గలేదు. డాక్టర్ గారిని అడిగితే గుర్తొచ్చింది. ఏడాది కిందట ఇంజిన్ పైమూత, అదే క్యామ్ కవర్ దగ్గర ఆయిల్ కారితే ఒక షెడ్డులో ప్యాకింగ్ మార్చకుండా మామూలు సిలికాన్ పేస్టు పూసి అతికించారట. ఆ పేస్టు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి, ఆ మూత నుంచి గాలి పీల్చే దారికి కలిపే బ్రీతర్ గొట్టం గుండా ఇంజిన్‌లోకి వెళ్లి, మంటలో కాలి, ఇక్కడికొచ్చి గట్టిపడింది. ప్లాటినం ఊపిరాడక పోయింది. కొత్త సెన్సార్ పెట్టి ఆ పేస్టు అలాగే వదిలేస్తే, ఆయిల్ మళ్లీ కారి ఎవరైనా మళ్లీ పేస్టు పూస్తే ఇదీ పోతుంది. అందుకని కవర్ విప్పి శుభ్రం చేసి, అసలు రబ్బరు ప్యాకింగ్ వేశాం. పేస్టు తప్పదనుకుంటే డబ్బా మీద సెన్సార్‌కి హాని చేయదని రాసి ఉన్నదే కొనండి.

కొత్తది బిగించడంలో రెండు మూడు మాటలు. మరలకి పూసే నల్లటి గ్రీజు చాలా సెన్సార్లకి ముందే పూసి వస్తుంది. లేకపోతే మరలకి మాత్రమే రాయాలి, మొనకి తగలకూడదు. మొదట చేత్తోనే తిప్పాలి, చేత్తో సాఫీగా దిగితేనే పానా. సుమారు 40 న్యూటన్ మీటర్లు, మీ బండి మాన్యువల్లో ఎంతుంటే అంత. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. లోపలి వైపుకి కావలసిన మంచి గాలిని చాలా సెన్సార్లు వైరు పోగుల మధ్య సందుల్లోంచే పీల్చుకుంటాయి. అందుకే వైరు అతకాల్సి వస్తే టాంకం వేయకండి, క్లిప్పు పెట్టి నొక్కి క్రింప్ చేయండి. కనెక్టర్లో గ్రీజు నింపకండి. బ్యాటరీ నెగెటివ్ కాసేపు తీసి పెడితే పాత కోడ్ పోతుంది.

స్టార్ట్ చేసి, వేడెక్కాక 2500 దగ్గర పట్టాం. 0.8, 0.2, 0.7, 0.15. మీటరు అంకెలు ఊగుతుంటే కుర్రాడు లెక్కపెట్టాడు, పది సెకన్లలో తొమ్మిది సార్లు. నాలుగు రోజుల తర్వాత డాక్టర్ గారు ఘాట్ ఎక్కి వచ్చాక ప్లగ్గులు మళ్లీ విప్పి చూశాం. బిస్కెట్ రంగుకి వచ్చాయి.

ఒక మాట ఈ కాలపు పెట్రోలు గురించి. ఇప్పుడు బంకుల్లో ఈ-20 వస్తోంది, అయిదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి కావలసిన గాలి తక్కువ, కిలోకి తొమ్మిది కిలోలు చాలు. పాత బండి కంప్యూటర్‌కి ఇది తెలియదు. సెన్సార్ చెప్తేనే పెట్రోలు పెంచుకుంటుంది, అదీ ఒక హద్దు వరకే. సెన్సార్ చచ్చిన పాత బండి ఈ పెట్రోలు మీద ఘాట్ ఎక్కితే ఇంజిన్ వేడెక్కి దెబ్బతినొచ్చు. మీ ఇళ్లలో పాత మారుతి ఎస్టీమో, పాత హోండా సిటీయో ఉంటే ఈ ఆదివారం ఒకసారి కొలిచి చూడండి.

సెన్సార్ చివరి వరస దాకా వెళ్లిందా? సరే, మాస్టారికి ఇచ్చేయండి, మీ ల్యాబులో ఉంచుకోండి. బయట చెట్టు కింద నా బండి పెట్టాను, ఇంజిన్ వేడిగానే ఉంది, మీటరు కూడా తగిలించి ఉంది. నలుగురు నలుగురుగా రండి. వెనక వరస వాళ్లు ముందు.